అంబాసిడర్‌కు ముందు డిస్కులు వేశాక మాస్టర్ సిలిండర్ ఏ బోరుది పెట్టాలి?

తమ్ముడూ, ముందుగా ఒక్క మాట. ఆ ఒక అంగుళం బోరు (లోపలి వ్యాసం) మాస్టర్ సిలిండర్, అదే పెడల్ తొక్కితే బ్రేకు లైన్లలోకి ఆయిల్ తోసేది, దాని పెట్టె ఇంకా విప్పలేదన్నారు కదా, విప్పకండి. ఒకసారి బ్రేకు ఆయిల్ తగిలిందంటే కొట్టువాళ్లు వెనక్కి తీసుకోరు.

మిగతావాళ్ల కోసం మీ సమస్యను నాలుగు ముక్కల్లో చెప్తాను. చిత్తూరులో మీ నాన్నగారి 1978 అంబాసిడర్, పెట్రోల్ బండి. ముందు డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించారు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌కు ఒకే పిస్టన్, దాని బోరు 48 మిల్లీమీటర్లు. వెనక డ్రమ్ములు అలాగే ఉంచారు, వాటిలో షూలను తోసే వీల్ సిలిండర్లు ముప్పావు అంగుళానివి. కాలి బలానికి వాక్యూమ్ తోడిచ్చే బూస్టర్ లేదు, మాస్టర్ సిలిండర్ పాతదే, సింగిల్, అంటే ఒకే గదిది. ఇప్పుడు పెడల్ సగం దాకా దిగుతోంది, బలంగా తొక్కితే తప్ప బండి ఆగడం లేదు. ‘పెద్ద బ్రేకు వేశాం, పెద్ద సిలిండర్ కావాలి’ అని మెకానిక్ ఒక అంగుళంది తెప్పించాడు. మీ స్నేహితుడేమో పాతదే చాలు అంటున్నాడు.

ఇద్దరి మాటా వద్దు. నేను 1989 నుంచి తిరుపతి రేణిగుంట రోడ్డులో షెడ్డు నడుపుతున్నాను. ఈ పెద్ద సిలిండర్ మాట అప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అది ఎందుకు చెలామణీ అవుతుందంటే, పెద్ద బోరు సిలిండర్ బిగిస్తే పెడల్ పైకొస్తుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. షెడ్డు ముందు నిలబెట్టిన బండిలో కూర్చుని కాలు పెట్టి చూసిన ఓనరు ‘అబ్బ, బ్రేకు భలే ఉంది’ అనుకుంటాడు. రోడ్డెక్కాక, ముందు ఆవు అడ్డం వచ్చినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. పెడల్ గట్టిగా ఉండటం వేరు, బ్రేకు పట్టడం వేరు.

మీ ఊళ్లో పాడి పశువులున్న ఇళ్లు ఎక్కువ కాబట్టి ఇలా చెప్తాను. పశువుల డాక్టరు దగ్గరుండే లావు సిరంజి ఒకటి, చంటిపిల్లలకు మందు పట్టే సన్న సిరంజి ఒకటి తీసుకుని రెంటిలోనూ నీళ్లు నింపండి. మూతి దగ్గర వేలు అడ్డం పెట్టి వెనక నుంచి ఒకే బలంతో నొక్కండి. సన్నదాని నీళ్లు వేలిని తోసేస్తాయి, లావుదాన్ని ఆపడం తేలిక. కానీ సన్నదాంట్లోంచి ఒక గ్లాసు నీళ్లు రావాలంటే ఎన్నిసార్లు నొక్కాలో చూడండి. మాస్టర్ సిలిండర్ బోరు గొడవంతా ఇదే. బోరు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది, కానీ పెడల్ ఎక్కువ దూరం పోతుంది. బోరు పెరిగితే పెడల్ కొద్దిగానే దిగుతుంది, బలం మాత్రం మీ కాలే పెట్టాలి. రెండూ ఒకేసారి దొరకవు.

పైగా డిస్కుకు డ్రమ్ముకు లేని అవసరం ఒకటుంది. డ్రమ్ములో చక్రం తిరిగే ఊపే ముందు షూను డ్రమ్ము గోడకేసి లాగి ఇంకా బిగిస్తుంది. కాలు పెట్టిన బలానికి అది తోడవుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, ప్యాడ్‌ను ఎంత నొక్కితే అంతే పట్టు. అందుకే డిస్కు వేసి మిగతావన్నీ పాతవే ఉంచిన బండి మొదట్లో డ్రమ్ము బండికన్నా అధ్వాన్నంగా ఆగుతుంది. డిస్కులు మోసమని తిట్టుకుంటూ మళ్లీ డ్రమ్ములకు పోయినవాళ్లను కూడా చూశాను.

ఇప్పుడు మీ బండి లెక్క వేద్దాం. పెడల్ నిష్పత్తి మీరు రాయలేదు. పెడల్ తిరిగే పిన్ను నుంచి పాదం పెట్టే చోటి దాకా కొలవండి, అదే పిన్ను నుంచి పుష్‌రాడ్ (సిలిండర్ పిస్టన్‌ను తోసే కడ్డీ) తగులుకునే చోటి దాకా కొలవండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 275 మిల్లీమీటర్లు, 55 మిల్లీమీటర్లు వస్తే నిష్పత్తి 5. ప్రస్తుతానికి 5 అనుకుందాం. మనుషులతో కలిపి బండి 1,400 కేజీలు, చక్రం అర్ధవ్యాసం 32 సెంటీమీటర్లు, డిస్కు మీద ప్యాడ్ పట్టే చోటు మధ్య నుంచి 9.5 సెంటీమీటర్లు, ప్యాడ్ రాపిడి గుణకం 0.35 అనుకుందాం. గట్టి బ్రేకు పడినప్పుడు ముందు చక్రాలు రెండూ కలిపి 660 కేజీల దాకా ఆపాలి. దానికి లైనులో చదరపు సెంటీమీటరుకు దగ్గర దగ్గర 88 కేజీల ఒత్తిడి కావాలి.

ఆ 88 కేజీల ఒత్తిడి పుట్టించడానికి మీ కాలు ఎంత తొక్కాలి? ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్ల బోరు సిలిండర్ అయితే 50 కేజీలు. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులది (7/8), అంటే 22.2 మిల్లీమీటర్లది అయితే 68 కేజీలు. మీ పెట్టెలో ఉన్న ఒక అంగుళంది అయితే 89 కేజీలు. ఆ కారు మీ అమ్మగారో నాన్నగారో నడిపితే 89 కేజీల బలం ఒక్క కాలితో ఎక్కడి నుంచి వస్తుంది? ఒంటికాలి మీద పూర్తిగా లేచి నిలబడ్డా చాలదు.

ఇక రెండో వైపు చూద్దాం. క్యాలిపర్లు రెండూ, వెనక వీల్ సిలిండర్లు రెండూ, హోసుల సాగుడు అన్నీ కలిపి గట్టి బ్రేకుకు సుమారు 4 సీసీల ఆయిల్ కావాలనుకోండి. ముప్పావు అంగుళం సిలిండర్‌తో పెడల్ 70 మిల్లీమీటర్లు దిగుతుంది, 22.2తో 52, ఒక అంగుళంతో 39. దీనికి పెడల్ ఖాళీ ఆట అదనం. 70 మిల్లీమీటర్లంటే కొంచెం లోతే, కానీ ఫ్లోరుకు తగలదు. వెనక షూలను దగ్గరగా అడ్జస్ట్ చేస్తే ఇంకా తగ్గుతుంది. మీకు ఇప్పుడు పెడల్ సగం దాకా పోవడంలో సగం తప్పు ఆ వెనక షూలదే అయ్యుంటుంది. ముందు అది చూడండి, డబ్బు ఖర్చు లేని పని.

కాబట్టి బూస్టర్ లేకుండానే నడపాలనుకుంటే నా సలహా 19.05 మిల్లీమీటర్ల టాండెమ్ సిలిండర్, అంటే రెండు వేర్వేరు లైన్లకు రెండు గదులుండేది. అది మరీ లోతనిపిస్తే 20.6 దాకా పోవచ్చు, అప్పుడు కాలికి 59 కేజీలు, పెడల్‌కు 60 మిల్లీమీటర్లు. అంతకు మించి వద్దు. కొనే ముందు మీ క్యాలిపర్ పిస్టన్‌ను వెర్నియర్ పెట్టి మీరే కొలవండి, మెకానిక్ నోటి మాట తీసుకోకండి. 48 కాక 54 అయితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. మాస్టర్ సిలిండర్ బోరు చాలావాటికి బాడీ మీదే అచ్చు పోసి ఉంటుంది, మసి తుడిస్తే కనబడుతుంది.

సింగిల్ సిలిండర్‌ను మాత్రం ఎలాగూ తీసేయండి. ఒక్క హోసు పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోయే ఏర్పాటు అది. ఇంకో చిక్కు కూడా ఉంది. డ్రమ్ముల కోసం చేసిన పాత సిలిండర్లలో చివర స్ప్రింగు కింద ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలాక కూడా లైనులో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఆపి ఉంచుతుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి ఫరవాలేదు. క్యాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు, ప్యాడ్లు డిస్కును రుద్దుతూనే ఉంటాయి. మీ స్నేహితుడు చెప్పినట్టు పాతదే ఉంచితే మైలేజీ తగ్గడం, చక్రం కాలడం రెండూ చూస్తారు. సిలిండర్ ఫ్లోరు కింద, క్యాలిపర్ కన్నా కిందికి ఉన్న బండి అయితే ముందు లైనుకు 2 పీఎస్ఐ వాల్వు పెట్టుకోవాలి, లేకపోతే ఆయిల్ వెనక్కి జారి మొదటి తొక్కుడు వృథా అవుతుంది. బానెట్ లోపల పైన ఉంటే ఆ బాధ లేదు.

టాండెమ్ ఏ బండిది తేవాలన్నది మీరు అడగలేదు గానీ, జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో చాలావాటికి బ్రేకు లైన్లు ఐమూలగా ఉంటాయి. ఒక గది ముందు కుడికి, వెనక ఎడమకు పోతుంది, ఇంకో గది మిగతా రెంటికి. అంటే ఒక్కో గది ఒక్క క్యాలిపర్‌కు సరిపడా ఆయిల్ తోస్తే చాలు. అలాంటిది తెచ్చి మన అంబాసిడర్‌కు ముందు ఒక లైను, వెనక ఒక లైను అని కలిపితే, ఒకే గది రెండు క్యాలిపర్లనూ మొయ్యాలి. ప్యాడ్లు అరిగే కొద్దీ, ఆయిల్ వేడెక్కే కొద్దీ దానికి స్ట్రోకు చాలదు. వెనక చక్రాలతో నడిచే బండిది వెతకండి. కాంటెస్సా, జిప్సీ, డిస్కులున్న ఓమ్నీ లాంటివాటి సిలిండర్లు చెన్నై పుదుప్పేటలో గానీ బెంగళూరు జేసీ రోడ్డులో గానీ దొరుకుతాయి. అయితే బోరు చూసే తీసుకోండి, బండి పేరు చూసి కాదు. పుదుప్పేటలో సెకండ్‌హ్యాండ్‌ది కొంటే లోపల గోడ మీద వేలుగోరు నడిపి చూడండి. గోరుకు గీత తగిలితే పక్కన పెట్టేయండి. కొత్త కిట్టు వేసినా ఆ గీత రబ్బరు కప్పును నెలరోజుల్లో కోసేస్తుంది. నా మటుకు నేనైతే బ్రేకు విషయంలో సెకండ్‌హ్యాండ్ అస్సలు కొనను. బంపరు కొనుక్కోండి, స్టీరింగు వీలు కొనుక్కోండి, ఇది మాత్రం కొత్తదే.

బూస్టర్ పెట్టుకుంటే కథ మారుతుంది. కాలి బలం సగానికో, మూడో వంతుకో తగ్గుతుంది, అప్పుడు 22.2 బోరు హాయిగా పెట్టుకోవచ్చు, పెడల్ కూడా పైనే ఉంటుంది. మీది పెట్రోల్ కాబట్టి ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. వాటిలో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు, ఆల్టర్నేటర్ వెనక పంపు ఉన్నది వేసుకోవాలి. బూస్టర్ బండి సిలిండర్‌లో పిస్టన్ వెనక గుంట లోతు తక్కువ, బూస్టర్ లేని దాంట్లో గుంట లోతుగా ఉండి పుష్‌రాడ్ కుదురుకుంటుంది. లోతు లేనిది తెచ్చి నేరుగా పెడల్‌కు కలిపితే ఒకనాడు పుష్‌రాడ్ పక్కకు జారి కింద పడుతుంది. ఇంకోటి, పెట్రోలు మిగులుతుందని ఘాట్‌లో ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దిగే అలవాటు మీ నాన్నగారికి ఉంటే, బూస్టర్ బండిలో అది కుదరదని గట్టిగా చెప్పండి. ఇంజన్ ఆగాక బూస్టర్‌లో మిగిలేది రెండు మూడు తొక్కుళ్ల వాక్యూమ్ మాత్రమే.

పుష్‌రాడ్ గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక ప్రీమియర్ పద్మిని కారుకు మాస్టర్ సిలిండర్ మార్చాను. పెడల్‌కు ఖాళీ ఆట ఉంటే కస్టమరు లూజుగా ఉందంటాడని పుష్‌రాడ్‌ను పిస్టన్‌కు ఆనించి బిగించాను. బండాయన ఇంటిల్లిపాదితో కాణిపాకం పోతూ నన్ను కూడా ఎక్కించుకున్నాడు. చంద్రగిరి దాటేదాకా బాగానే ఉంది. తర్వాత బండి లాగడం మానేసింది, ఎక్సిలరేటరు తొక్కినా ఎవరో వెనక పట్టుకున్నట్టు. పూతలపట్టు చేరేసరికి కాలిన లైనర్ల వాసన, ముందు చక్రం మీద ఉమ్మేస్తే సుయ్‌మంది, పెడల్ అంగుళం కూడా దిగడం లేదు. జాకీ ఎత్తితే చక్రం చేత్తో తిరగడం లేదు. లైనులోంచి గాలి, ఆయిల్ వదిలే బ్లీడింగ్ నిపుల్ కొద్దిగా వదిలాను, ఆయిల్ చిమ్మి నా చొక్కా మీద పడింది, చక్రం వెంటనే తిరిగింది.

జరిగింది ఇదీ. సిలిండర్‌లో పిస్టన్‌కు కాస్త ముందు సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు లైనులోని ఆయిల్ దాని గుండా పైనున్న ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోవాలి. పుష్‌రాడ్ పిస్టన్‌ను ఏమాత్రం ముందుకు తోసి ఉంచినా రబ్బరు కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. వేడికి ఆయిల్ పెరుగుతుంది, పోవడానికి దారి లేదు, బ్రేకు తనంతట తానే పడుతుంది, పడేకొద్దీ ఇంకా వేడి. అప్పటి నుంచి పుష్‌రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య ఒక మిల్లీమీటరు సందు చూడకుండా బండి బయటికి పంపలేదు. మీరు చూడాలంటే డబ్బా మూత తీసి, ఒకరిని పెడల్ మెల్లగా తొక్కమనండి. తొక్కిన తొలి క్షణంలో ఆయిల్ పైకి చిన్నగా ఉబికితే రంధ్రం తెరిచి ఉన్నట్టే. మొహం దగ్గరగా పెట్టకండి.

పైపుల దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది. పాత బండి యూనియన్ నట్లు (పైపును సిలిండర్‌కు బిగించేవి) అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులవి (3/8), అంగుళానికి 24 మరలవి కావచ్చు. కొత్త సిలిండర్‌ది 10 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య ఒక మిల్లీమీటరు దూరం ఉన్నది కావచ్చు. అంగుళం నట్టు 9.5 మిల్లీమీటర్లే కాబట్టి 10 మిల్లీమీటర్ల రంధ్రంలోకి సులువుగా దూరిపోతుంది, పానాతో తిప్పితే బిగిసినట్టే అనిపిస్తుంది. గట్టి బ్రేకుకు ఊడొచ్చేది అదే. పైపు చివర ఫ్లేర్ కూడా రెండు రకాలు, గొట్టం అంచును లోపలికి మడిచింది ఒకటి, బుడగలా ఉబ్బింది ఒకటి. సిలిండర్‌కు ఏది కావాలో అదే చేయించండి. టెఫ్లాన్ టేపు చుట్టి సర్దేద్దామనే మెకానిక్‌కు దండం పెట్టి బండి తెచ్చుకోండి. ఏసీ వాళ్ల మెత్తటి రాగి గొట్టం కూడా బ్రేకుకు వద్దు.

వెనక చక్రాల సంగతి. ఇప్పుడు లైనులో ఒత్తిడి మునుపటికన్నా పెరుగుతుంది, వెనక డ్రమ్ములకు అంత అక్కర్లేదు. బ్రేకు గట్టిగా పడితే బరువంతా ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి, అవి ముందుగా లాక్ అయితే బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది. వెనక లైనులో ఒత్తిడి తగ్గించే, అడ్జస్ట్ చేసుకునే ప్రొపోర్షనింగ్ వాల్వు ఒకటి పెట్టండి. ముందు చక్రాలే మొదట జారాలి, వెనకవి తర్వాత. దీన్ని తడి రోడ్డు మీద కాదు, పొడి మట్టి నేల మీద 30 కిలోమీటర్ల వేగంలో ఒకరిని బయట నిలబెట్టి చూసుకోండి.

లైన్లలోంచి ఎయిర్ తీయడంలో రెండే మాటలు. సిలిండర్‌ను బండికి బిగించక ముందే వైసులో పట్టి, పైపులు తిరిగి డబ్బాలోకే పెట్టి బుడగలు పోయేదాకా మెల్లగా తోయండి. తర్వాత క్యాలిపర్ నిపుల్ పైకి ఉందా అని చూడండి. ఒకసారి కుడి క్యాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి వేసిన బండి నా దగ్గరికొచ్చింది. నిపుల్ కిందికి, గాలి పైన. రెండు రోజులు పంపు చేసి మూడు సీసాల ఆయిల్ ఖర్చు పెట్టారట పాపం. ఆయిల్ డాట్ 4 పోయండి, డాట్ 3 కన్నా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చండి. ఇది గాలిలో తేమ పీల్చుకునే సరుకు. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు మరిగేది తడి పట్టాక 155కే మరుగుతుంది. రబ్బరు కప్పులను పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో కడగనివ్వకండి, ఉబ్బిపోతాయి.

ఇంకో సంగతి. మీ బండికి 2028లో యాభై ఏళ్లు నిండుతాయి. యాభై ఏళ్లు దాటిన బండ్ల కోసం 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదని ఉంది. బ్రాకెట్ల కోసం ఛాసిస్‌ను కొయ్యనివ్వకండి. తీసిన డ్రమ్ములు, బ్యాక్‌ప్లేట్లు, పాత సిలిండర్ గ్రీసు పూసి గోనెసంచిలో దాచండి, పాత ఇనుము కింద ఇచ్చేయకండి.

అన్నీ బిగించాక నేరుగా ఘాటుకు పోకండి. తిరుమల అసలే వద్దు, పాత బండ్లను కొండకు పంపే విషయంలో అలిపిరి దగ్గర నిబంధనలున్నాయి. ముందు ఇంట్లో నిమిషంసేపు పెడల్ గట్టిగా అదిమి పట్టండి, మెల్లగా కిందికి జారితే ఎక్కడో కారుతోంది. తర్వాత చదును రోడ్డులో పది కిలోమీటర్లు నడిపి, డిస్కును తాకకుండా నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ఏదో ఒక్కటే ఎక్కువ వేడిగా ఉంటే అది పట్టుకుంటోంది. ఇవి రెండూ బాగుంటే పలమనేరు వైపు నుంచి మొగిలి ఘాట్ మూడో గేరులో దిగండి. బంగారుపాళ్యం దగ్గర పక్కకు ఆపి, ఎక్కేటప్పుడు పెడల్ ఏ ఎత్తులో ఉందో ఇప్పుడూ అదే ఎత్తులో ఉందా చూడండి. కాలుతున్న డిస్కు మీద నీళ్లు మాత్రం పోయకండి, వంకరపోతుంది. పెడల్ నిష్పత్తి, పిస్టన్ కొలత, సిలిండర్ ఫ్లోరు కింద ఉందా పైనా అన్నవి మూడూ రాస్తే లెక్క మళ్లీ వేసి పెడతాను.